మూడేళ్ళు వాడిందా, మూడేళ్ళుగా వాడుతోందా? ఇంగ్లీషు లేఖలో క్రియ కాలాన్ని ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నైట్‌డ్యూటీ

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఐర్లండు వెళ్ళే ఉద్దేశంతో ఓఈటీ పరీక్షకు, అంటే విదేశాల్లో పనిచేయాలనుకునే వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్షకు, చదువుకుంటున్నాను. వినడం, చదవడం, మాట్లాడడం ఎలాగో నెట్టుకొస్తున్నాను కానీ, రాత విభాగంలో మాత్రం ప్రతిసారీ ఒకే చోట దెబ్బ తింటున్నాను. ఈ పరీక్ష గురించి తెలియనివారి కోసం చెబుతున్నాను: రోగి వివరాలను పొడి పొడి మాటలుగా ఒక కాగితం మీద ఇస్తారు, 45 నిమిషాల్లో వాటిని చదువుకొని, ఆ రోగిని తరువాత చూడబోయే డాక్టరుకో, నర్సుకో 180 నుంచి 200 మాటల్లో లేఖ రాయాలి.

పోయిన వారం అభ్యాసానికి ఇచ్చిన కాగితంలో తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరిన ఒక వృద్ధురాలి వివరాలు ఉన్నాయి. అందులో మందుల వరుసలో 'వార్ఫరిన్, త్రీ ఇయర్స్' అని మాత్రమే ఉంది. నేను 'షి టుక్ వార్ఫరిన్ ఫర్ త్రీ ఇయర్స్' అని రాశాను. మా కోచింగ్ గురువుగారు ఆ వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'ఇప్పుడు వాడుతోందా, లేదా?' అని రాసి ఇచ్చారు. ఇప్పుడూ వాడుతోందని చెప్పడానికి రెండోసారి 'షి ఈజ్ టేకింగ్ వార్ఫరిన్ ఫ్రమ్ త్రీ ఇయర్స్' అని మార్చాను. దానికీ సున్నానే పడింది. క్లాసులో నలభై మందిమి ఉండడం వల్ల నిలబెట్టి అడగడానికి వీలు కాలేదు.

పన్నెండు కాలాల పట్టిక ఏడో తరగతి నుంచి నాకు కంఠస్థం. 'గో' అనే క్రియను పన్నెండింటిలోనూ తడుముకోకుండా చెప్పగలను. అయినా కలం పట్టుకునేసరికి ఏది వాడాలో తోచడం లేదు. ముఖ్యంగా హావ్, హాజ్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు? పట్టికను మళ్ళీ చెప్పవద్దని మనవి. వాక్యం రాసేముందు మనసులో ఏమి ఆలోచించాలో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు 1: నల్లబల్ల

అమ్మా, ముప్ఫై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ బడుల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. మీరు అడిగిన ప్రశ్న నా విద్యార్థుల్లో చాలామంది మనసులో ఉండేది, కానీ ఇంత స్పష్టంగా అడిగినవారు తక్కువ. పట్టిక రూపాన్ని నేర్పుతుంది. ఎంపికను నేర్పదు. ఆ లోపం మీది కాదు, నాలాంటి ఉపాధ్యాయులది.

కాసేపు ఇంగ్లీషును పక్కన పెట్టి, ఈ రెండు తెలుగు వాక్యాలను పైకి చదవండి. 'ఆమె మూడేళ్ళు వార్ఫరిన్ వాడింది.' 'ఆమె మూడేళ్ళుగా వార్ఫరిన్ వాడుతోంది.' మొదటిది వినగానే ఆమె మందు మానేసిందని మీకు తెలుస్తుంది, రెండోది వినగానే ఇవాళ పొద్దున కూడా వేసుకుని ఉంటుందని తెలుస్తుంది. ఎవరూ నేర్పకుండానే తెలుస్తుంది. ఆ తేడా మన వాక్యంలో రెండు చోట్ల పలుకుతోంది: 'మూడేళ్ళు' పక్కన చేరిన 'గా'లో ఒకసారి, 'వాడుతోంది' అనే క్రియలో ఇంకోసారి. ఇంగ్లీషులోనైతే 'ఫర్ త్రీ ఇయర్స్' అనే ముక్క రెండు వాక్యాల్లోనూ ఒకేలా ఉంటుంది. మన 'గా' చేసే పని అక్కడ చేసే మాట లేదు కాబట్టి, మందు ఆగిందా, సాగుతోందా అని చెప్పే బాధ్యత మొత్తం క్రియ మీదే పడుతుంది. 'టుక్' అంటే ఆగింది. 'హాజ్ బీన్ టేకింగ్' అంటే సాగుతోంది. మీ గురువుగారు సున్నా చుట్టి అడిగిన ప్రశ్న అదే.

ఇక మీ రెండో వాక్యం. 'వాడుతోంది' అన్న మాటకు 'ఈజ్ టేకింగ్' అని పెట్టడం మనకు సహజంగా తోస్తుంది, ఎందుకంటే మన 'తోంది' ఇప్పటి సంగతికీ సరిపోతుంది, ఎప్పటి నుంచో సాగుతున్న సంగతికీ సరిపోతుంది. ఇంగ్లీషు 'ఈజ్ టేకింగ్' అంత దూరం సాగదు. అది ఈ రోజుల సంగతిని మాత్రమే చూపుతుంది, దానికి వెనక భాగం ఉండదు. ఎప్పుడు మొదలైందో, ఎంతకాలం అయిందో వాక్యంలో చెప్పదలిస్తే, ఆ వెనక భాగాన్ని కూడా పట్టుకోగలిగిన 'హాజ్ బీన్ టేకింగ్' కావాలి. కాబట్టి మీ తెలుగు ఆలోచనలో 'గా' గానీ, 'నుంచి' గానీ ఉండి, వెంట 'తోంది, తున్నాను' వస్తే, ఇంగ్లీషులో హావ్ బీన్ లేదా హాజ్ బీన్ పెట్టి, క్రియకు ఇంగ్ చేర్చండి.

'నుంచి' గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మీ 'ఫ్రమ్' అక్కడి నుంచే వచ్చింది. '2021 నుంచి' అన్నా, 'మూడేళ్ళ నుంచి' అన్నా మనకు ఒకే 'నుంచి'. ఇంగ్లీషు వీటిని విడదీస్తుంది. 2021, సోమవారం, పెళ్ళయిన నాడు అన్నవి మొదలైన చోటును చూపుతాయి, వాటికి 'సిన్స్'. మూడేళ్ళు, ఆరు గంటలు, రెండు వారాలు అన్నవి పొడవును చూపుతాయి, వాటికి 'ఫర్'. 'ఫ్రమ్ త్రీ ఇయర్స్', 'సిన్స్ త్రీ ఇయర్స్' అనే రెండు తప్పులూ మన 'మూడేళ్ళ నుంచి' కడుపున పుట్టినవే.

అయిపోయిన పనులకు హావ్ ఎప్పుడు పెట్టాలన్నది ఇంకొంచెం సూక్ష్మమైన విషయం, దానికి మీ వార్డులోకే వస్తాను. రౌండ్సుకు పెద్ద డాక్టరు గారు వరండాలో అడుగు పెట్టగానే మీలో ఒకరు 'డాక్టరు గారు వచ్చారు' అంటారు, అందరూ కేస్ షీట్లు సర్దుకుంటారు. సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు, 'డాక్టరు గారు పొద్దున పదింటికి వచ్చారు' అని కొత్తగా వచ్చినవారికి చెబుతారు. తెలుగులో రెండూ 'వచ్చారు' అనే ఒక్క మాటే. ఇంగ్లీషులో మొదటిది 'ది డాక్టర్ హాజ్ కమ్', రెండోది 'ది డాక్టర్ కేమ్ ఎట్ టెన్'. మొదటి వాక్యం పైకి గతాన్ని చెబుతున్నా, నిజానికి వర్తమానం గురించినది: ఆయన ఇప్పుడు ఇక్కడ ఉన్నారు, జాగ్రత్త పడండి అని దాని భావం. రెండో వాక్యం మూసేసిన తలుపు లాంటిది, అది పదింటికి జరిగి అక్కడే ఆగిపోయింది. 'హాజ్ కమ్' లాంటి రూపానికి ఉన్న ప్రెజెంట్ పర్ఫెక్ట్ అన్న పేరులో ప్రెజెంట్ అన్న మాటను మనం బడిలో పట్టించుకోలేదు. పట్టించుకోవలసినది ఆ మాటనే.

అందువల్ల నిన్న, సోమవారం, 2019లో, రెండు రోజుల క్రితం అని గడిచిపోయిన సమయాన్ని వాక్యంలో పేర్కొంటే హావ్ పెట్టకూడదు. 'షి హాజ్ అండర్‌గాన్ సర్జరీ ఆన్ మండే' అనేది మన దగ్గర కేస్ షీట్లలో తరచుగా కనిపించే తప్పు, అక్కడ 'అండర్‌వెంట్' అని ఉండాలి. ఇంతవరకు, ఇప్పటికి రెండుసార్లు, ఈ వారంలో అన్నట్టు ఇంకా మూసుకోని సమయం ఉంటే హావ్ పెట్టండి. ఏ సమయమూ చెప్పకుండా ఇప్పటి పరిస్థితి కోసమే పాత సంగతిని ఎత్తినప్పుడు కూడా హావ్ పెట్టండి.

జవాబు 2: సముద్రం అవతల

సిస్టర్, నేను పదకొండేళ్ళుగా ఇంగ్లండులో ఎముకల వార్డులో పనిచేస్తున్నాను. మాస్టారు వ్యాకరణం చెప్పారు, నేను ఆ ఎర్ర సున్నా వెనక ఉన్న ప్రాణభయాన్ని చెబుతాను. వార్ఫరిన్ రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. తుంటి విరిగిన మనిషి ఆ మందు మీద ఉందంటే, ఆపరేషన్‌కు ముందు ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చేసి, రక్తం గడ్డకట్టే స్థితిని సరిచేసుకుని గాని కత్తి పెట్టరు. తొందర లేని, ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్లకైతే ఆ మందును సాధారణంగా ఐదు రోజుల ముందే ఆపిస్తారు. మీ లేఖలో 'టుక్' అని ఉంటే, అందుకున్నవారు ఎప్పుడో వాడి మానేసిందని అనుకోవచ్చు. మేమైతే మందుల చీటీ, రక్త పరీక్ష కూడా చూస్తాము కాబట్టి ఒక్క మాటతోనే ప్రమాదం జరుగుతుందని అనను. కానీ లేఖ రాసేది ఆ అనుమానానికి చోటు లేకుండా చేయడానికే కదా.

మీ పరీక్ష కాగితంలో అసలు చిక్కు ఏమిటంటే, ఆ పొడి మాటల్లో క్రియలు ఉండవు. 'వార్ఫరిన్, త్రీ ఇయర్స్' అన్న దానిలో కాలం లేదు, దాన్ని మీరే కల్పించాలి. అందుకని ప్రతి వివరం ముందు ఆగి, ఈ సంగతి ఇవాళ్టికీ ఉందా అని ఒక్కసారి అడగండి. ప్రస్తుత మందులు అన్న శీర్షిక కింద ఉంటే ఉన్నట్టే. పూర్వ చరిత్ర అన్న శీర్షిక కింద తేదీతో ఉంటే ముగిసినట్టే: 'షి హ్యాడ్ ఎ సిజేరియన్ ఇన్ 2014' అని రాయండి. తేదీ లేకుండా రెండు సిజేరియన్లు అని మాత్రమే ఉంటే 'షి హాజ్ హ్యాడ్ టూ సిజేరియన్స్' అని రాయండి.

మాట్లాడే విభాగానికి కూడా ఇది పనికొస్తుంది. ఇక్కడ వార్డులో పొద్దున్నే రోగిని విరేచనం అయిందా అని అడగడానికి 'హావ్ యు ఓపెన్డ్ యువర్ బవెల్స్ టుడే?' అంటాము. ఇవాళ ఇంకా గడవలేదు కాబట్టి హావ్. అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఇలాంటి చోట్ల 'డిడ్ యు' అనడమే ఎక్కువగా వింటుంది. ఇప్పుడే, ఇప్పటికే అన్న మాటల పక్కన అమెరికన్లు మామూలు భూతకాలాన్ని ధారాళంగా వాడతారు. సినిమాల్లో అలా వినిపించినప్పుడు మీరు నేర్చుకున్నది తప్పని కంగారు పడకండి.

జవాబు 3: పాతపలక

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక విషయం చేర్చాలి, ఎందుకంటే నర్సుల లేఖల్లో ఇది హావ్ కన్నా పెద్ద అపార్థానికి దారి తీస్తుందని నా నమ్మకం. 'ఆమె రోజూ పొద్దున ఇన్సులిన్ తీసుకుంటుంది.' 'ఆమె రేపటి నుంచి ఇన్సులిన్ తీసుకుంటుంది.' తెలుగులో క్రియ ఒక్కటే. మన పాత వ్యాకరణాలు దీనిలోని అలవాటు అర్థానికి తద్ధర్మం అని పేరు పెట్టి, భూత, భవిష్యత్, వర్తమానాల పక్కన నాలుగోదిగా నిలిపాయి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, నిప్పు కాలుస్తుంది అన్నట్టు, ఫలానా రోజున అని కాకుండా ఎప్పుడూ ఉండే స్వభావం అన్నమాట. కానీ నేటి వ్యవహారంలో రేపటి పనికీ, రోజువారీ పనికీ ఒకే రూపం ఉండడంతో, 'తీసుకుంటుంది' అనుకున్న వెంటనే చేతికి 'విల్ టేక్' వస్తుంది. 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్' అని మనవాళ్ళు ఎందుకు అంటారో దీనితో తెలుస్తుంది.

లేఖలో 'షి విల్ టేక్ ఇన్సులిన్ డైలీ' అని చదివిన ఇంగ్లీషు డాక్టరుకు, ఇన్సులిన్ ఇకపై మొదలుపెట్టాలన్న సూచనలా అది కనిపిస్తుంది. పదేళ్ళుగా వాడుతున్న మందు కొత్తగా రాసిన మందుగా మారిపోతుంది. కాబట్టి అలవాటుకు 'టేక్స్' అని మాత్రమే రాయండి, చివరి ఎస్ మరవకండి. సింపుల్ ప్రెజెంట్‌ను వర్తమానం అని కాకుండా తద్ధర్మం అని మనసులో తలచుకోండి. నాకు మా నాన్నగారు అలా చెప్పిన రోజునే ఆ కాలం అర్థమైంది. 'టేక్స్' అంటే ఈ క్షణాన మింగుతోందని కాదు, ఆమెకు ఆ వాడుక ఉందని అర్థం.

హ్యాడ్ సంగతి కూడా చెప్పేస్తాను. 'ఐ హ్యాడ్ గివెన్ ది ఇంజెక్షన్ ఎట్ ఎయిట్' అని రాస్తే, చదివేవారు తరువాతి వాక్యం కోసం ఎదురు చూస్తారు: ఎనిమిదింటికి ఇచ్చారు, సరే, దేనికి ముందు? రెండో గతం లేకపోతే హ్యాడ్ అక్కరలేదు, 'గేవ్' చాలు. పాత గైడ్లలో 'వెళ్ళియున్నాను, వెళ్ళియుంటిని' అని అర్థాలు ఇచ్చేవారు. ఇంట్లో గానీ బజారులో గానీ అలా ఎవరూ మాట్లాడరు కాబట్టి, ఆ అర్థాలు మనకు ఏ ఆసరా ఇవ్వలేదు, హ్యాడ్ అంటే కాస్త గౌరవంగా చెప్పిన భూతకాలం అనే భ్రమ మాత్రం మిగిల్చాయి. దానికి అసలైన తెలుగు ఆసరా 'సరికి' అన్న ముక్కలో ఉంది. 'డాక్టరు గారు వచ్చేసరికి ఫిట్స్ ఆగిపోయాయి' అంటే ఆగడం ముందు, రావడం తరువాత: 'ది సీజర్ హ్యాడ్ స్టాప్డ్ బై ది టైమ్ ది డాక్టర్ అరైవ్డ్.' 'డాక్టరు గారు వచ్చాక ఫిట్స్ ఆగాయి' అంటే వరుస మారింది: 'ది సీజర్ స్టాప్డ్ ఆఫ్టర్ ది డాక్టర్ అరైవ్డ్.' మీ వాక్యం 'సరికి'తో పోలితేనే హ్యాడ్ వాడండి.

జవాబు 4: కృష్ణలంక

చెప్పినవన్నీ బాగున్నాయి గానీ ఒక అభ్యంతరం ఉంది. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అని మన దేశంలో ఎందరో అంటారు, విన్నవారికి తప్పకుండా అర్థమవుతుంది. దాన్ని తప్పు అనడం కన్నా మన వాడుక అనడం న్యాయం కాదా? మనం మాట్లాడే తీరుకు ఎప్పుడూ సిగ్గుపడుతూ ఉండాలా?

నల్లబల్ల

సిగ్గుపడవలసిన పని లేదు, మీ మాటతో నేను ఏకీభవిస్తాను. ఆఫీసులో, రైల్లో, ఇంట్లో ఆ వాక్యం తన పని తాను చేస్తుంది, దాన్ని పట్టుకుని ఎవరినీ చిన్నబుచ్చకూడదు. మరి ఈ సోదరి రాసే లేఖను చదివేది తెలుగు రాని మనిషి. ఆమె మనసులోని 'గా' ఆ కాగితం మీద కనిపించదు. అక్కడివారు దేన్ని చూసి కాలాన్ని గుర్తిస్తారో, దాన్నే రాయడం మంచిది.

నైట్‌డ్యూటీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి డ్యూటీలో రోగులు నిద్రపోయాక కూర్చుని ఆ లేఖను తిరగరాశాను. ప్రతి వాక్యానికీ ముందు తెలుగులో అనుకుని, 'గా' ఉందా, 'సరికి' ఉందా, తద్ధర్మమా అని చూసుకుని మరీ రాశాను. దిద్దగలరు.

'ది పేషెంట్ వాజ్ అడ్మిటెడ్ ఆన్ మండే విత్ ఎ ఫ్రాక్చర్డ్ హిప్. షి హ్యాడ్ ఫాలెన్ ట్వైస్ ఎట్ హోమ్ బిఫోర్ దిస్ అడ్మిషన్. షి హాజ్ బీన్ టేకింగ్ వార్ఫరిన్ ఫర్ త్రీ ఇయర్స్. షి హాజ్ బీన్ హావింగ్ డయాబెటిస్ సిన్స్ 2016 అండ్ టేక్స్ మెట్‌ఫార్మిన్ ట్వైస్ డైలీ. షి అండర్‌వెంట్ సర్జరీ ఆన్ థర్స్‌డే. షి ఈజ్ బీయింగ్ డిశ్చార్జ్డ్ టుడే.'

నల్లబల్ల

చాలా సంతోషమమ్మా. 'హ్యాడ్ ఫాలెన్' చక్కగా కుదిరింది, చేరడానికి ముందు పడిన సంగతి కాబట్టి. చివరి వాక్యం కూడా సరైనదే. ఇవాళ జరగబోయే, ఏర్పాటైపోయిన పనికి ఆ రూపం వాడతారు, మనం 'ఇవాళ డిశ్చార్జ్ అవుతోంది' అన్నట్టే.

ఒక్క చోట దిద్దాలి. 'హాజ్ బీన్ హావింగ్ డయాబెటిస్' కాదు, 'హాజ్ హ్యాడ్ డయాబెటిస్ సిన్స్ 2016' అనాలి. నేను చెప్పిన సూత్రాన్నే మీరు పాటించారు, కానీ మీ తెలుగును మళ్ళీ వినండి. 'ఆమెకు 2016 నుంచి షుగర్ ఉంది' అంటాము గానీ, 'షుగర్ ఉంటోంది' అనము. ఉంది, తెలుసు, కావాలి, ఇష్టం అన్న మాటలు మన దగ్గరే 'తోంది' చేర్చుకోవు, వాటికి సాటి వచ్చే హావ్, నో, వాంట్, లైక్ కూడా ఆ అర్థాల్లో సాధారణంగా ఇంగ్ చేర్చుకోవు. 'నుంచి' ఉండి 'తోంది' లేకపోతే బీన్, ఇంగ్ రెండూ వదిలి, ఉత్త హావ్ లేదా హాజ్ పెట్టి, దాని వెంట క్రియ మూడో రూపం రాయండి. అన్ని చోట్లా ఈ పోలిక నిలబడదు. 'అర్థమవుతోంది, వినిపిస్తోంది, కనిపిస్తోంది' అని మనం హాయిగా అంటాము, ఇంగ్లీషువారు 'ఐ అండర్‌స్టాండ్', 'ఐ కెన్ హియర్', 'ఐ కెన్ సీ' అంటారు. ఈ మూడింటిని విడిగా గుర్తుపెట్టుకోండి, మాట్లాడే విభాగంలో రోగి చెప్పింది విన్నాక 'ఐ యామ్ అండర్‌స్టాండింగ్' అనే ప్రమాదం ఉంది.

ఆ ఒక్క మాట మార్చి మీ గురువుగారికి ఇవ్వండి. ఈసారి ఏమన్నారో ఇక్కడ రాయండి.